మోచేతి దగ్గర విరిగిన సిపాయిలు

ఒకసారి చంపడం మొదలుపెట్టానంటే నాకు ఆగబుద్ధి కాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. బల్ల మీద యుద్ధం పరిచామంటే, అవతలివాళ్ళ ఫిరంగుల దగ్గర నిలబడ్డవాళ్ళని మొదట నరికిస్తాను. తర్వాత జెండా పట్టుకున్నవాణ్ణి. ఆ తర్వాత పారిపోతున్నవాళ్ళని వెనకనుంచి, తీరిగ్గా. "నీతో కాపురం చేస్తున్నందుకు నాకో పతకం ఇవ్వాలే" అంటారు మా ఆయన. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నోట్లో నాలుక లేని మనిషి. ఆదివారాలు నా బొమ్మల పెట్టెలు మోస్తారు, నేను గెలిస్తే చప్పట్లు కొడతారు, ఓడితే ఇంటిదాకా కిక్కురుమనకుండా నడుస్తారు.

మేం ఆడేవి రినైసాన్స్ కాలపు యుద్ధాలు. ఐదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఒక పక్క చిత్రకారులు చర్చి గోడల మీద దేవదూతల్ని గీస్తుంటే, అవే ఊళ్ళ పొలిమేరల్లో జీతానికి వచ్చిన సిపాయిలు ఒకళ్ళ పేగులొకళ్ళు తోడేసుకున్నారు. ఆ సిపాయిలే మా బొమ్మలు. మెత్తని తెల్లలోహంతో పోతపోసినవి, బొటనవేలంత ఉంటాయి. ఉబ్బు చేతుల చొక్కాలు, కాలికో రంగు లాగులు, టోపీల్లో ఈకలు, చేతుల్లో మనిషికి మూడింతల పొడవు ఈటెలు. ఈటెలు కూడా మెత్తటి లోహంతో చేస్తే వంగిపోతాయని వాటిని ఉక్కుతీగతో చేసి, మొనలు సూదుల్లా అరగదీసి పెడతాను. అలాంటి ఈటెలవాళ్ళని వరసలుగా, భుజానికి భుజం ఆనించి నిలబెడితే దాన్ని మేం ముళ్ళపంది అంటాం. చూసుకోకుండా ముళ్ళపంది మీద చెయ్యి వేసినవాడి వేలు రక్తం చిమ్మాల్సిందే.

ఆడేది కళ్ళద్దాల షాపు పైనున్న హాల్లో. షాపు మేమంతా తాతగారని పిలిచే పెద్దాయనది, హాలూ తాతగారిదే, గొడవ వస్తే తీర్పూ తాతగారిదే. కళ్ళు పరీక్ష చేసే పాత అక్షరాల అట్ట ఇంకా గోడకి వేలాడుతూనే ఉంటుంది. దాని కింద ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల, థర్మోకోల్ గుట్టలు, స్పాంజి చెట్లు. టేపుతో దూరం కొలుస్తాం, పాచికలు వేస్తాం, చచ్చినవాళ్ళని ఉన్నచోటే పడుకోబెడతాం. పాచికల్ని నానా బూతులూ తిట్టుకోవచ్చు, తాతగారు పట్టించుకోరు. ఒక్క నియమం దగ్గర మాత్రం ఎంతటివాణ్ణీ వదలరు. ఎవరి బొమ్మని వాళ్ళే ముట్టుకోవాలి, బతికున్నా, చచ్చినా. నెలల తరబడి కళ్ళు కాయలు కాసేలా రంగులు వేసుకున్న బొమ్మ మీద పరాయి వేలు పడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది కదా.

ఆ నియమం నుంచి మినహాయింపు నాకొక్కదానికే. అది కూడా విరిగిన బొమ్మల వరకే. నా ఉద్యోగం పళ్ళసెట్లు చేసే లాబ్‌లో. మైనం కరిగించడం, అచ్చు తియ్యడం, పక్క పంటి రంగు చూసి దానికి సరిపడా రంగు కలపడం నా పని. ఆ చేత్తోనే హాల్లో సగం సైన్యాలకి రంగులు వేశాను. విరిగితే సన్నని డ్రిల్లుతో బెజ్జం వేసి, తీగముక్క గుచ్చి, అతికి ఇస్తాను. కానీ బొమ్మకి కళ్ళు పెట్టడం నాకు నేర్పింది మా చెల్లి. అది బళ్ళో డ్రాయింగు టీచరు. "ముందు నలుపు పెట్టి, అటూ ఇటూ తెల్లచుక్కలు పెట్టవే అక్కా, మెల్లకన్ను రాదు" అని చెప్పింది. జెండాల మీద సింహాలూ, శిలువలూ, తాళంచెవులూ అన్నీ దాని చేతి గీతలే.

చెల్లి మొగుడు, నా మరిది, భూములు కొలిచే సర్వేయరు. హాల్లో అతన్ని అందరూ పెద్దమనిషి అంటారు. గొంతు పెంచడు. ఓడితే ముందు తనే లేచి చెయ్యి కలుపుతాడు. నన్ను "వదినగారూ" అనకుండా మాట మొదలుపెట్టడు. పసుపూ నలుపూ చారల కిరాయి సైన్యం అతనిది. ఆ సైన్యాన్ని పుట్టించింది నేనే. తన సేనాపతికి తన మొహమే పెట్టమని సిగ్గుపడుతూ అడిగితే, నవ్వుకుని, ఆ కోటేరు ముక్కూ కత్తిరించిన మీసమూ అచ్చు దింపాను.

అతని ఇంటినుంచి అప్పుడప్పుడూ దూదిలో చుట్టిన బొమ్మలు ఓ అట్టపెట్టెలో వచ్చేవి. "అలమర మీంచి పడ్డాయి వదినగారూ, కాస్త చూడండి" అనేవాడు.

కింద పడ్డ బొమ్మ ఎలా విరుగుతుందో నాకు తెలుసు. చీలమండ దగ్గర ఊడుతుంది, టోపీ నొక్కుకుపోతుంది. ఇవి మోచేతి దగ్గర విరిగి వచ్చేవి. విరిగిన చోట లోహం తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగి ఉండేది. నడుం దగ్గర గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో చెయ్యి తిప్పితే తప్ప అలా విరగదు. ఇంత శాంతమూర్తికీ లోపల చిటికెడు కోపం ఉందన్నమాట అనుకుని అతికి పంపేదాన్ని. ఓ ఆట ఓడిపోయి పాచికల్ని కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరినదాన్ని, నేనెవర్ని అడగడానికి?

తర్వాత చెల్లి చేతికి కట్టుతో వచ్చింది.

"బాత్రూంలో జారానక్కా" అంది.

దాని సంచిలో ఎక్స్‌రే ఫిల్ము ఉంటే తీసి కిటికీకి ఆనించి చూశాను. మణికట్టు పైన ఎముక మీద గీత అడ్డంగా లేదు. ఎముక చుట్టూ తిరిగి, కిందనుంచి పైకి పాకింది. ఆ గీత నాకు కొత్త కాదు. దూదిలోంచి తీసి, భూతద్దం కింద పెట్టి, ఎన్నోసార్లు అతికాను.

"జారి పడితే చెయ్యి ఇలా విరగదే."

"నువ్వు డాక్టరువా? పళ్ళు చేసుకునేదానివి, పళ్ళు చేసుకో."

"నా మొహం చూసి చెప్పు. వాడేనా?"

అది నా మొహం చూడలేదు. ఫిల్ము లాక్కుని సంచిలో కుక్కుకుంది. కుక్కుతుంటే చేతికి నొప్పి తగిలి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఆయన మంచివారే అక్కా. నేనే ఒక్కోసారి సరిగ్గా ఉండను. నీకు దణ్ణం పెడతాను, ఊరుకో" అంది.

ఆ మాటతో నా ఒళ్ళంతా నిప్పంటుకుంది. వీధి తలుపు దాకా వెళ్ళాను. మా ఆయన అడ్డం నిలబడ్డారు. "వెళ్ళి ఏం చేస్తావు? తిడతావు, కొడతావు. వాడు చేతులు కట్టుకుని, 'వదినగారికి ఏమైందో' అంటాడు. ఇది పక్కన నిలబడి, 'జారి పడ్డాను' అంటుంది. అప్పుడు తప్పు నీదవుతుంది. దాని నోటితో అది చెప్పనిదే మనం ఏం చేసినా నిలవదే." ఆయన ఏడాదికోసారి అంత పొడుగు మాట మాట్లాడతారు, అప్పుడు తప్పకుండా నిజమే మాట్లాడతారు. అదే నాకు ఇంకా మండింది.

ఇక నాకు కావలసింది ఒకటే. చెల్లి నోరు తెరవాలి. తెరవాలంటే ముందు వాడి ముసుగు నలుగురిలో ఊడాలి. వాణ్ణి ఇకనుంచి వాడనే అంటాను. బల్ల మీద వాణ్ణి ఊపిరాడకుండా చంపితే, అందరి ముందూ వాడి అసలు మొహం బయటపడుతుందని లెక్క వేశాను. ఆట ఆడేవాళ్ళ బుర్రకి తప్ప ఇంకెవరికీ తట్టని లెక్క అది. నాకేమో యుద్ధం బల్ల అంచుల దగ్గర ఆగిపోతుందని నమ్మకం.

చెల్లి కట్టు విప్పిన తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, హాల్లో నేనూ వాడూ ఎదురెదురుగా నిలబడ్డాం. మిగతా ఆటలు ఆపి అందరూ చుట్టూ మూగారు. చెల్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో వాడి బొమ్మల సంచి. కట్టు తీసిన చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది.

"ఏ రకం యుద్ధం?" అన్నారు తాతగారు.

"దయలేనిదే తాతగారూ, వదినగారికి అభ్యంతరం లేకపోతే" అన్నాడు వాడు. అంటే ఖైదీలు ఉండరు. చేతులెత్తినవాణ్ణీ పొడిచెయ్యాలి. వాడు ఎప్పుడూ అదే కోరతాడు.

"నాకేం అభ్యంతరం మరిదిగారూ, శుభ్రంగా చంపుకుందాం" అన్నాను.

మొదటి గుండు నా ఫిరంగిదే. వాడి పెద్ద ముళ్ళపంది గుట్ట దిగుతోంది. నా గుండు దాని ముందు వరసలో ఒకడి మోకాళ్ళు ఎగరగొట్టి, నేల మీద ఎగిరి, వెనక వాడి పొట్టలోంచి దూసుకుపోయి, ఆ వెనక ఇద్దరి తొడలు నుజ్జు చేసింది. బయటివాళ్ళకి అక్కడ కనిపించేది పాచికలూ, పక్కకి వాలిన బొమ్మలూ. నాకు మాత్రం ఎముక పగిలిన చప్పుడు వినిపిస్తుంది. కాళ్ళు తెగినవాడు తన కాలు ఎక్కడుందో వెతుక్కోవడం కనిపిస్తుంది. వెనకవాళ్ళు వాడి మీద కాలేసి తొక్కుకుంటూ ముందుకొస్తారు, రాకపోతే ఈటెల గోడలో కంత పడుతుంది. వచ్చారు. రెండో గుండు వెయ్యించాను. మూడోది కూడా.

"భలే కొట్టారు వదినగారూ" అన్నాడు వాడు, చచ్చినవాళ్ళని ఒక్కొక్కణ్ణే వేలితో పక్కకి వాల్చుకుంటూ.

వాడి రౌతులు కాలవ వైపునుంచి నా ఫిరంగుల మీదికి వచ్చారు. కాలవ గట్టు వెనక నా వత్తి తుపాకులవాళ్ళు బోర్లా పడుకుని ఉన్నారు. గుర్రాల కళ్ళు కనిపించేంత దగ్గరకి రానిచ్చి కాల్పించాను. ముందు గుర్రం రొమ్ములో తగిలి ముందుకాళ్ళ మీద కూలింది. దాని మీదివాడు మెడ విరిగి నీళ్ళలో పడ్డాడు. వెనక గుర్రాలు ఆ గుర్రాన్ని తన్నుకుని దాని మీదే పడ్డాయి. ఇనుప కవచాల్లో మనుషులు వీపుల మీద పడి కాలవ బురదలో లేవలేక కొట్టుకుంటుంటే, నా వాళ్ళు గట్టు దిగి, శిరస్త్రాణాల సందుల్లోంచి బాకులు దింపారు. దయలేని యుద్ధం అన్నావుగా, తీసుకో.

చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు వేశారు. మా ఆయన చప్పట్లు కొట్టారు. వాడి మొహంలో ఒక్క నరం కదల్లేదు. నేను వాడి మొహాన్నే కళ్ళార్పకుండా చూస్తున్నాను, ఎప్పుడు పగులుతుందా అని.

ఈటెలు దగ్గరకొచ్చాయి. కత్తీ చిన్నడాలూ పట్టిన నా వాళ్ళని పంపాను. ఈటె పొడవే దాని బలం, దాని పొడవే దాని చావు కూడా. మొనలు దాటి లోపలికి దూరినవాణ్ణి అంత పొడుగు కర్రతో ఏం చేస్తారు? నా వాళ్ళలో ముందువరస మొత్తం మొనలకి గుచ్చుకుని వేలాడింది. వెనకవాళ్ళు నేలకి కరుచుకుపోయి, ఈటెల కింద పాకి, పిక్కలు కోశారు, గజ్జల్లో పొడిచారు. కూలినవాడి మీంచి ఇంకొకడి మీదికి ఎక్కారు. ఈటెలు వదిలేసి పారిపోదామన్నా సందు లేక, వాడి సిపాయిలు నిలబడ్డచోట నిలబడ్డట్టే చచ్చారు. వాడి జెండా కూలింది. చెల్లి గీసిన పసుపు సింహం మట్టిలో పడింది.

అప్పుడు వినిపించింది నాకు, కిటికీ వైపునుంచి, ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు.

చెల్లి బల్ల వైపు చూడటంలేదు. వాడి చేతినే చూస్తోంది. చచ్చిన జెండావాణ్ణి వాడు పక్కకి వాల్చలేదు. పైకి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. నాతో నవ్వుతూ మాట్లాడుతూనే, బొటనవేలితో ఆ బొమ్మ చేతిని మెల్లగా, మెల్లగా తిప్పుతున్నాడు. వాడు తిప్పిన కొద్దీ చెల్లి తన మణికట్టుని రెండో చేత్తో దాచుకుంటోంది.

అట్టపెట్టెలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాడు ఓడిన ప్రతి ఆదివారం తర్వాతే వచ్చాయి. గెలిచిన వారం ఒక్కటీ రాలేదు. ఓటమి ఇక్కడ నవ్వుతూ మింగి, ఇంటికి వెళ్ళి కక్కుతాడు. నేను ఈ బల్ల మీద చంపుతున్నది వాడి సైన్యాన్ని కాదు. ఒక్కో పాచికా చెల్లి ఒంటి మీద పడబోతోంది.

చెల్లి తలెత్తి నావైపు చూసింది. ఓడిపో అక్కా అని కళ్ళతో బతిమాలింది.

ఓడిపోదామనే చూశాను. నా జన్మలో మొదటిసారి, ఒట్టు. తుపాకులవాళ్ళని గట్టు మీంచి లేపి ఆరుబయట నిలబెట్టాను. ఫిరంగిని పక్కకి తిప్పాను. నా రౌతుల్ని వాడి మిగిలిన ఈటెలకి ఎదురుగా, బుద్ధున్నవాడెవడూ చెయ్యని పని, తిన్నగా తోలాను. "ఇదేమిటమ్మా?" అన్నారు తాతగారు. మా ఆయన చప్పట్లు ఆపేశారు. కానీ పాచికలు ఒప్పుకోవే! మామూలుగా ఆరు పడమంటే మొండికేసే ముండలు, ఆరు తర్వాత ఆరు, ఆరు తర్వాత ఆరు. నా గుర్రాలు ఈటెల్ని విరుచుకుంటూ లోపలికి పోయాయి. గిట్టల కింద పుర్రెలు పగిలాయి. వాడు ఎదురు దెబ్బకి పాచికలు వేస్తే అన్నీ ఒకట్లే. చావాల్సిన నా వాళ్ళు చావరు, బతకాల్సిన వాడి వాళ్ళు బతకరు. ఆఖరికి దారి తప్పిన తుపాకి గుండొకటి, నేను వద్దు వద్దు అనుకుంటూ వేసిన గుండు, వాడి సేనాపతి గొంతులో దిగింది.

"అయిపోయింది" అన్నారు తాతగారు.

వాడు బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరకి వచ్చాడు. నవ్వుతూ చెయ్యి చాపాడు. "చాలా గొప్పగా ఆడారు వదినగారూ. చివర్లో నన్ను ఆడించారు కూడా" అన్నాడు. చెయ్యి చల్లగా ఉంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "పద, ఇంటికెళ్దాం" అన్నాడు, అంతే మెత్తగా.

చెల్లి లేచింది. సంచి తెరిచి వాడి పక్కన నిలబడింది. బడిలో తప్పు చేసిన పిల్లలా తలొంచుకుని ఉంది. ఇంకో నిమిషంలో మెట్లు దిగుతారు. ఇంటి తలుపు వేసుకుంటారు.

నేను చెయ్యి చాపి వాడి సిపాయిని ఒకణ్ణి బల్ల మీంచి తీశాను.

"అమ్మా!" అన్నారు తాతగారు. "ముట్టుకోకు. అతని బొమ్మ."

"తెలుసు తాతగారూ. నేనే చేశాను." నడుం దగ్గర పట్టుకుని చెయ్యి తిప్పాను. టక్కున విరిగింది. "ఇది బాత్రూంలో జారడం" అన్నాను.

ఇంకొకణ్ణి తీశాను. "ఇది మెట్ల మీద పడటం." టక్.

"వదినగారూ, మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు" అన్నాడు వాడు. నవ్వు ఇంకా ఉంది.

"ఇది తలుపు సందులో పడటం." టక్. ఆ రెండూ నాకు చెల్లి చెప్పినవి కావు, నేను కల్పించినవి. కానీ చెల్లి మొహం చూస్తే కల్పన కాదని తెలిసింది. ఏళ్ళ తరబడి కళ్ళు పెట్టిన బొమ్మలు, నా చేతుల్లోనే, ఒకటి తర్వాత ఒకటి. అందులో ప్రతివాడి మొహమూ నాకు తెలుసు. మా ఆయన నన్ను ఆపడానికి రాబోయి, చెల్లిని చూసి ఆగిపోయారు.

గొంతులో గుండు దిగి పడున్న సేనాపతిని తీసుకున్నాను. కోటేరు ముక్కు, కత్తిరించిన మీసం. తల రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

"పెట్టెయ్" అన్నాడు వాడు.

తిప్పాను.

వాడి చెయ్యి ఎప్పుడొచ్చిందో చూడలేదు. నా మణికట్టు వాడి గుప్పిట్లో ఉంది. మొహం నా మొహానికి ఆనేంత దగ్గరగా వచ్చింది, గొంతు మాత్రం పెరగలేదు. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు, నా వస్తువులు ముట్టుకోవద్దని? ఎన్నిసార్లు?" అన్నాడు. నాకు వాడు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ మాట నన్ను అన్నది కాదు. రోజూ ఎవరితో అంటాడో హాల్లో అందరికీ అర్థమైంది. అర్థమయ్యేలోపే వాడు తిప్పాడు. ముందు చర్మం మండింది, తర్వాత లోపల ఏదో పచ్చికొమ్మలా చీలుతూ పైకి పాకింది. చీలిన చప్పుడు నాకే కాదు, బల్ల అవతలి వాళ్ళకి కూడా వినిపించిందట. నేను అరిచిన అరుపుకి కింద షాపులో వాళ్ళు పైకి పరుగెత్తుకొచ్చారు.

మా ఆయన వెనకనుంచి వాడి మెడ పట్టి లాగారు. లిఫ్టు తాళ్ళు లాగే చేతులవి. ఆ విసురుకి వాడు బల్ల మీద వెల్లకిలా పడబోయి, ఆపుకోవడానికి చెయ్యి ఆనించాడు. ఆనించింది మిగిలిన ముళ్ళపంది మీద. నేను అరగదీసిన ఉక్కు ఈటెలు అరచేతిలోంచి దిగి, రెండు మూడు వెనకవైపు మొనలు తేలాయి. పసుపు నలుపు సిపాయిలు వాడి చేతికి వేలాడారు. మా ఆయన అంతటితో ఆగలేదు. ఆ మెడని అలాగే పట్టుకుని వాడి మొహాన్ని గుట్టకేసి, గుట్ట కింది చెక్కకేసి కొట్టారు. ఒకసారి, ఇంకోసారి. ముక్కు బద్దలై ఆకుపచ్చ గుడ్డ నల్లబడింది. ఆయన ఏడుస్తున్నారు కూడా. తాతగారూ ఇంకో నలుగురూ పట్టుకుంటే గానీ వదల్లేదు.

ఇదంతా నేను నేల మీద కూర్చుని, చేతిని ఒళ్ళో పెట్టుకుని చూశాను. నొప్పి కళ్ళకి అడ్డం పడుతోంది. అయినా లోపల ఏదో గెలిచినట్టే ఉంది. అందరూ చూశారు కదా, ఇక చెల్లి నా దగ్గరకి వస్తుంది అనుకున్నాను.

చెల్లి వాడి దగ్గరకి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుని, వాడి అరచేతిలోంచి ఈటెలు ఒక్కొక్కటే లాగి, తన చేతిరుమాలు చుట్టింది. "సారీ అండీ. సారీ అండీ. అక్క తరఫున నేను సారీ చెప్తున్నాను" అంటోంది. ఆ మాట విన్నాక నా చేతి నొప్పి నాకు తెలియలేదు.

ఆసుపత్రికి ఒకే ఆటోలో వెళ్ళాం, వేరే దిక్కులేక. ముందు డ్రైవరు పక్కన మా ఆయన, వెనక నేనూ చెల్లీ వాడూ. చెల్లి మధ్యలో కూర్చుంది. వాడు ముక్కు దగ్గర గుడ్డ అదుముకుని, దారిలోనే మళ్ళీ పెద్దమనిషి అయిపోయాడు. ఆసుపత్రి తలుపు దగ్గర నాకు దారి కూడా ఇచ్చాడు.

ఎముకల డాక్టరు నా ఫిల్ము వెలుతురు పెట్టెకి తగిలించాడు. గీత చుట్టూ తిరిగి పైకి పాకింది. ఆయన దాన్ని చూశాడు, నా వెనక నిలబడ్డ చెల్లిని చూశాడు, గుర్తుపట్టాడు.

"మీరు మొన్ననే కదా కట్టు విప్పించుకున్నారు? ఈవిడ ఎవరు?"

"మా అక్కండి."

"ఎలా విరిగింది? పడ్డారా?"

నేను నోరు తెరవబోయాను. తెరిస్తే ఏమవుతుందో మా ఆయన ముందే చెప్పారు. వాడు తలుపు దగ్గరనుంచి, ముక్కు పట్టుకునే, మర్యాదగా జవాబిచ్చాడు. "మెట్ల మీద జారారండి. ఆవిణ్ణి పట్టుకోబోయి నేనూ పడ్డాను. ఆదివారం పూట మీకు శ్రమ."

డాక్టరు చెల్లి వైపే చూస్తున్నాడు. చెల్లి నా ఫిల్మును చూస్తోంది. దగ్గరకెళ్ళి, తన సన్నబడ్డ వేలితో ఆ గీత మీద కిందనుంచి పైకి, జెండా మీద గీత గీసినట్టు, నెమ్మదిగా రాసింది. పెయింటింగు చేసే నా కుడిచెయ్యి అది. దాన్ని పట్టుకుని కళ్ళు పెట్టడం నేర్పింది తనే.

"పద, మందులు తీసుకుందాం" అన్నాడు వాడు.

చెల్లి కదల్లేదు. "పడలేదు డాక్టరుగారూ" అంది. ఫిల్ము మీంచి వేలు తీసి, డాక్టరు వైపు తిరిగి మళ్ళీ అంది. "మా అక్క పడలేదు. మా ఆయన మెలితిప్పి విరిచారు. నేనూ పడలేదు. నాదీ ఆయనే విరిచారు."

నా ఎడమచేత్తో దాని చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన లేచి వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

డాక్టరు కలం తీశాడు. "మీది ఎప్పుడు జరిగిందమ్మా?" అన్నాడు.

"ఏ సారిదండీ?" అంది చెల్లి.